పికప్ బండి: ఇంటి దగ్గర చేసుకునే మార్పులు, సంరక్షణ

5.1 ప్రస్తావన

మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు చేరవేసేదీ, చెరువు గట్టు నుంచి చేపల పెట్టెలు తెచ్చేదీ, పెళ్ళి ఇంటికి వంటపాత్రలు, కుర్చీలు మోసేదీ మన ఊళ్ళలో ఎక్కువగా పికప్ బండే. 2005లో టాటా ఏస్ వచ్చాక ముప్పావు టన్ను మోసే చిన్న నాలుగు చక్రాల బండి ఎన్నో కుటుంబాలకు జీవనాధారమైంది. బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి అంతకంటే పెద్దవి. 2016లో శ్రీసిటీలో మొదలైన ఇసుజు కర్మాగారం నుంచి డి-మాక్స్ పికప్‌లు వస్తున్నాయి.

ఈ బండికి యజమాని, డ్రైవరు, సగం మెకానిక్కు చాలాసార్లు ఒక్కరే. బండి కొన్న వారం లోపే దానికి ఏదో ఒకటి తగిలించడం కూడా మామూలే. వెనుక కమానుకు ఒక పట్టీ, ముందు ఇనుప గార్డు, ఎత్తు పెంచిన తొట్టి, వెడల్పాటి టైర్లు, అదనపు లైట్లు. వీటిలో కొన్ని నిరపాయమైనవి, కొన్ని ప్రాణాంతకమైనవి. రెండింటికీ తేడా చూడగానే తెలియదు. బండిలో ఏ భాగమూ ఒంటరిగా పనిచేయదు కనుక, ఒక భాగాన్ని మార్చే ముందు ‘దీన్ని ఆధారం చేసుకొని పనిచేస్తున్న మరో భాగం ఏది?’ అని అడగాలి. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూ సాగుతుంది. ఇంజన్ పనితీరును వెనుకటి పాఠాల్లో చదివారు కాబట్టి ఇక్కడ దాని జోలికి ఎక్కువగా వెళ్ళడం లేదు.

5.2 తొట్టి నిండటం వేరు, బండి నిండటం వేరు

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి మించకూడని మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసివేస్తే వచ్చేదే బండి మోయగల బరువు. డ్రైవరు, పక్కన కూర్చున్న కూలీలు, మోకులు, టార్పాలిన్, మీరు తరువాత తగిలించిన ఇనుము అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ముందు గార్డు, తొట్టి పైకి పెంచిన కమ్మీలు కలిసి 120 కిలోలు తూగితే, ఆ మేరకు మీ సరుకు తగ్గాలి. అంటే రెండున్నర బస్తాల సిమెంటు ప్రతి ట్రిప్పులోనూ కిరాయి లేకుండా మోస్తున్నారన్నమాట.

తొట్టి నిండిందా లేదా అన్నది కొలమానం కాదు. ఒక ఉదాహరణ చూడండి. తొట్టి పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 4.25 చదరపు మీటర్లు. ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తు పోస్తే ఘనపరిమాణం 0.85 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు పొడి ఇసుక సుమారు 1.6 టన్నులు తూగుతుంది. కాబట్టి తొట్టిలో ఉన్నది 1.36 టన్నులు. జానెడు లోతు కూడా లేని ఇసుకతో 1.3 టన్నుల బండి నిండిపోయింది! తడి ఇసుకైతే ఇంకా ముందే నిండుతుంది. అదే తొట్టిలో వరిగడ్డి క్యాబిన్ పైకి రెండింతలు పేర్చినా బరువు హద్దు దాటదు. అక్కడ ప్రమాదం ఎత్తు వల్ల, మలుపులో బోల్తా పడటం వల్ల వస్తుంది.

5.3 కమాను కట్టకు పట్టీ చేరిస్తే ఏమవుతుంది?

పికప్ యజమానులు అందరికంటే ముందు చేయించే మార్పు ఇదే. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ దగ్గరి పట్టణంలోనో కమాను పనివారి కొట్టుకు వెళితే పని త్వరగా అయిపోతుంది. బరువు వేసినా వెనుక భాగం దిగదు. ‘బండి ఇప్పుడు రెండు టన్నులు లాగుతుంది’ అనే నమ్మకంతో ఇంటికి వస్తారు.

కమాను కట్టలోని పట్టీలు అన్నీ ఒకే మందం, ఒకే వెడల్పు కలిగినవనుకుంటే, కట్ట దృఢత్వం పట్టీల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఏడు పట్టీల కట్టకు ఎనిమిదోది చేరిస్తే దృఢత్వం ఏడింట ఒక వంతు, అంటే సుమారు 14 శాతం పెరుగుతుంది. మందం ప్రభావం ఇంతకంటే చాలా ఎక్కువ. పట్టీ దృఢత్వం దాని మందం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, 10 శాతం మందమైన పట్టీ 33 శాతం గట్టిగా ఉంటుంది. పాత లారీ కమానులోంచి తీసిన మందపాటి పట్టీని పికప్ కట్టలో కలిపితే పరిస్థితి ఊహించుకోండి. ఆ ఒక్క పట్టీయే భారంలో పెద్ద వాటా తనమీద వేసుకుంటుంది. పక్కవి సన్నగా వంగుతుంటే అది వంగదు. కొన్నాళ్ళకు విరిగేది కూడా చాలావరకు అదే.

ఇంతవరకూ జరిగింది స్ప్రింగు గట్టిపడటం మాత్రమే. ఇరుసు మారలేదు. చక్రాల బేరింగులు, టైర్లు, ఛాసిస్, బ్రేకులు ఏవీ మారలేదు. గొలుసు బలం దాని బలహీనమైన లింకుదే. మిగిలిన లింకులను వదిలి ఒక్కదాన్ని లావు చేస్తే గొలుసు బలపడదు. పైగా ఇంతకాలం బరువు మించినప్పుడు తొట్టి కిందికి దిగి ‘ఇక చాలు’ అని చెప్పేది. పట్టీ చేర్చడంతో ఆ హెచ్చరిక ఆగిపోయింది, బరువు మాత్రం అలాగే ఉంది. రోడ్డు గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు మింగవలసిన కుదుపు ఇప్పుడు నేరుగా ఛాసిస్‌కు వెళుతుంది. కమాను బ్రాకెట్ల దగ్గర కనిపించే చీలికలకు ఇదొక ముఖ్య కారణం.

పాత పట్టీ విరిగితే మార్చడం మాత్రం మరమ్మతు, మార్పు కాదు. అదే కొలతల పట్టీ వేయించండి. రెండు వైపుల కట్టలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. యూ-బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి కాబట్టి వీలైతే కొత్తవే వాడండి. మార్చిన తరువాత కొద్ది వందల కిలోమీటర్లకే మళ్ళీ బిగించి చూడాలి. యూ-బోల్టు వదులైతే పట్టీల మధ్యలోని సెంటర్ బోల్టు తెగుతుంది. అది తెగితే ఇరుసు స్థానం తప్పి, బండి ఒక పక్కకు లాగుతుంది.

5.4 మోసపోయే వాల్వు

కమాను ఎత్తు పెంచడం వల్ల కలిగే నష్టాల్లో ఎక్కువమందికి తెలియనిది బ్రేకులకు సంబంధించినది. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

ఖాళీ పికప్‌లో వెనుక చక్రాల మీద భారం తక్కువ. ఆ స్థితిలో వెనుక బ్రేకులకు పూర్తి పీడనం ఇస్తే చక్రాలు ముందే బిగుసుకుపోయి, తడి రోడ్డు మీద బండి వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. సరుకు వేశాక వెనుక భారం పెరుగుతుంది, అప్పుడు ఎక్కువ పీడనం కావాలి. ఈ తేడాను చూసుకోవడానికి చాలా పికప్‌లలో వెనుక బ్రేకు గొట్టం మధ్యలో ఒక వాల్వు అమర్చుతారు. వాల్వు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని కడ్డీ లేదా స్ప్రింగు వెనుక ఇరుసుకు తగిలించి ఉంటుంది. తొట్టి దిగినకొద్దీ ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరం తగ్గి, కడ్డీ తిరిగి, వాల్వు ఎక్కువ పీడనాన్ని వెనుకకు పంపుతుంది. అంటే ఈ వాల్వు బరువును తూచదు, ఎత్తును చూసి బరువును ఊహిస్తుంది.

ఇప్పుడు అదనపు పట్టీలు వేశాం. టన్నున్నర సరుకు ఎక్కినా తొట్టి దిగలేదు. వాల్వు దృష్టిలో బండి ఇంకా ఖాళీయే. వెనుక బ్రేకులకు ఖాళీ బండికి ఇచ్చే పీడనమే అందుతుంది. బండిని ఆపే పని దాదాపు మొత్తం ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. ‘బ్రేకు సరిగా పట్టడం లేదు’ అని డ్రైవరు లైనింగులు మార్పిస్తాడు, ఆయిలు మార్పిస్తాడు. లోపం అక్కడ లేదు.

కొందరు మెకానిక్కులు దీనికి విరుగుడుగా ఆ కడ్డీని ‘ఫుల్ లోడ్’ స్థానంలో తీగతో కట్టేస్తారు. అప్పుడు సరుకుతో బాగానే ఆగుతుంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు, వాన పడుతున్న రోడ్డు మీద, బండి అడ్డం తిరుగుతుంది. రెండూ తప్పే. ఏబీఎస్ ఉన్న కొన్ని కొత్త బండ్లలో ఈ వాల్వు ఉండకపోవచ్చు. మీ బండి కిందికి వంగి వెనుక ఇరుసు దగ్గర చూస్తే తెలుస్తుంది. ఉంటే కడ్డీ వంగిందా, దాని రబ్బరు బుష్షులు అరిగాయా, మట్టితో బిగుసుకుపోయిందా అన్నది నెలకోసారి చూడండి. దాని సర్దుబాటు మాత్రం తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం వర్క్‌షాపులోనే జరగాలి.

5.5 సరుకు ఎక్కడ పెట్టాలి?

మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, పెట్టే చోటు తప్పయితే ప్రమాదమే. ఒక ఊహా వాహనం తీసుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 1,000 కిలోలు, వెనుక ఇరుసు మీద 700 కిలోలు. సరుకు 1,200 కిలోలు.

మొదటి సందర్భం: సరుకు గరిమనాభి వెనుక ఇరుసుకు 0.2 మీటరు ముందుంది. ముందు ఇరుసు గురించి భ్రామకాలు తీసుకుంటే వెనుక ఇరుసు మీద పడే అదనపు భారం 1,200 × 2.8 ÷ 3 = 1,120 కిలోలు. మిగిలిన 80 కిలోలు ముందుకు వెళతాయి. ముందు 1,080, వెనుక 1,820.

రెండో సందర్భం: అదే బరువున్న ఇనుప చువ్వలు వెనుకకు వేలాడేలా వేశారు. గరిమనాభి వెనుక ఇరుసుకు 0.6 మీటరు వెనుక పడింది. వెనుక అదనపు భారం 1,200 × 3.6 ÷ 3 = 1,440 కిలోలు. వేసిన బరువు కంటే 240 కిలోలు ఎక్కువ! ఆ 240 కిలోలు ముందు ఇరుసు నుంచి ఎత్తివేయబడ్డాయి. ముందు 760 మాత్రమే మిగిలింది, వెనుక 2,140 అయింది.

ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు తేలికవుతుంది. కొత్త డ్రైవరు దీన్ని హాయిగా ఉందనుకుంటాడు. నిజానికి మలుపులో బండిని తిప్పే పట్టు, ఆపే పట్టు రెండూ తగ్గాయి. తొట్టిని వెనుకకు పొడిగించే మార్పు ఎందుకు చెడ్డదో ఈ లెక్కే చెబుతుంది. పొడిగించిన చోట తప్పకుండా సరుకు చేరుతుంది.

5.6 టైర్లు

టైరు పక్క గోడ మీద 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం, అంటే సుమారు 161 మి.మీ. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, 381 మి.మీ. టైరు మొత్తం వ్యాసం సుమారు 703 మి.మీ. దీని స్థానంలో 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం సుమారు 733 అవుతుంది. నాలుగు శాతానికి పైగా పెరిగింది. స్పీడోమీటరు 60 చూపినప్పుడు మునుపటి కంటే రెండున్నర కిలోమీటర్ల వేగం ఎక్కువగా ఉంటుంది. చక్రం పెద్దదైన కొద్దీ అదే బ్రేకు, అదే ఇంజన్ టార్క్ నేల మీద చూపే బలం ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తు పెరిగి అందంగా కనిపించడం ఒక్కటే లాభం.

కొలత పక్కనే ఉండే భార సూచికను ఎవరూ చూడరు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 108 అంటే 1,000, 112 అంటే 1,120. తక్కువ ధరకు వచ్చిందని తక్కువ సూచిక ఉన్న కారు టైరును పికప్‌కు వేయకూడదు. నాలుగంకెల సంఖ్య ఒకటి కూడా ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. సెకండ్ హ్యాండ్ టైరు కొనేవారు పట్టీలు చూసినట్టే ఈ అంకెనూ చూడాలి.

నా అభిప్రాయంలో పికప్ యజమాని అన్నింటికంటే ముందు కొనవలసిన పనిముట్టు గాలి కొలిచే గేజి. కాలితో తన్ని గాలి ఉందని చెప్పడం పాత పద్ధతి. గట్టి పక్క గోడల పికప్ టైరులో సగం గాలి పోయినా కాలికి తెలియదు. ఉదయం బండి కదలకముందు కొలవండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో, పుస్తకంలోనో ఖాళీకీ లోడుకూ వేరువేరుగా ఉంటుంది.

5.7 ఇంటి దగ్గర చేసుకోదగిన పనులు

ముందుగా ఒక జాగ్రత్త. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. జాకీ మీద మాత్రమే ఆధారపడిన బండి కిందికి దూరకండి. చదునైన గట్టి నేల, మిగిలిన చక్రాలకు అడ్డంగా రాళ్ళు, ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు ప్రత్యామ్నాయం కావు. అవి చెప్పకుండా పగులుతాయి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవి 230, 155. ఇది ఎందుకు ముఖ్యమో శ్రీశైలం ఘాట్ దిగేవారికి చెప్పాలి. 3,000 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి 3,000 × 9.8 × 300, అంటే సుమారు 88 లక్షల జౌళ్ళు. దీనితో 30 డిగ్రీల దగ్గరున్న 30 లీటర్ల నీటిని మరిగించవచ్చు. తక్కువ గేరులో దిగితే ఇందులో చాలా భాగాన్ని ఇంజను తీసుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే గాలి నిరోధం పోను దాదాపు అంతా బ్రేకు డ్రమ్ములకే. పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి ఆయిలు మార్పించడం ఖర్చు కాదు. మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బాలోది పోయకండి. డబ్బా మీద చూపిన గ్రేడునే వాడండి. మట్టం తగ్గుతూ ఉంటే పోస్తూ పోవడం కాక, లైనింగులు అరిగాయా, ఎక్కడైనా కారుతుందా అని వెదకండి.

డీజిల్ ఫిల్టరు అడుగున నీటిని వదిలే చిన్న మర ఉంటుంది. దాన్ని పుస్తకంలో చెప్పిన గడువుకు వదులు చేసి నీటిని తీసేయండి. కోతల కాలంలో కళ్ళాల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు గడువు పుస్తకంలోని గడువు కంటే ముందే వస్తుంది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్ళీ బిగించాలి. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు గ్రీజు నిప్పిళ్ళుంటే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ బండ్ల విషయంలో కొత్త జాగ్రత్త ఒకటుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు అప్పుడప్పుడూ బాగా వేడెక్కి ఆ మసిని తానే కాల్చుకుంటుంది. ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వేడి రాదు. దీపం వెలిగితే పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద కొంతసేపు ఆపకుండా నడపాలి. కాల్చుకోవడం మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే డీజిలు ఇంజన్ ఆయిల్లో కలిసి, ఆయిలు మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఇది మంచి సూచన కాదు. ఇటువంటి బండికి తక్కువ బూడిదనిచ్చే నిర్దేశిత ఆయిలే పోయాలి. ఫిల్టరు పీకించి ఖాళీ గొట్టం వేయించడం చట్టవిరుద్ధం. ఆ పొగ ముందుగా చేరేది మీ వాకిట్లోని పిల్లలకే.

5.8 తొట్టి, తుప్పు, వెల్డింగు

భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు మోసే బండ్లను కిందికి వంగి చూస్తే ఈ అంశం అర్థమవుతుంది. ఐసు కరిగిన ఉప్పటి నీరు తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారి, కమాను బ్రాకెట్ల వెనుక, బ్రేకు గొట్టాల క్లిప్పుల కింద నిలుస్తుంది. తుప్పు మొదలయ్యేది కంటికి కనబడని ఈ చోట్లలోనే. రోజు పని అయ్యాక తొట్టితో పాటు అడుగు భాగాన్నీ మంచినీటితో కడగడం, తొట్టి రంధ్రాలు మూసుకుపోకుండా చూడటం, రంగు లేచిన చోట గీకి ప్రైమరు పూయడం ఇంట్లో అందరూ చేయగలిగిన పనులు. లోహపు బ్రేకు గొట్టం మీద పొలుసులు లేస్తుంటే మాత్రం రంగు పూసి దాచకండి, మార్పించండి.

ఛాసిస్ కమ్మీలు వంగే భారాన్ని ఎక్కువగా మోసేది వాటి పై, కింది అంచులే. అక్కడ రంధ్రం వేసినా, వెల్డింగు చేసినా చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. అదనపు బ్రాకెట్టు అవసరమైతే తయారీదారు వదిలిన రంధ్రాలకు బోల్టులతో బిగించాలి. తొట్టికి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పించండి, లేకపోతే ఇంజన్ కంప్యూటరు దెబ్బతినవచ్చు. నెగటివ్ తీగను ముందుగా విప్పి, చివరగా బిగించాలి.

లైట్ల సంగతి క్లుప్తంగా చూద్దాం. పొలంలో సరుకు ఎక్కించడానికి 50 వాట్ల దీపాలు రెండు పెడితే 12 వోల్టుల దగ్గర సుమారు 8.3 ఆంపియర్లు లాగుతాయి. పాత స్విచ్చు తీగలోంచి అతుకు వేయకండి. బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. తీగ ఇనుపరేకును దాటే ప్రతిచోటా రబ్బరు గ్రొమ్మెట్ ఉండాలి. అది లేక తొడుగు ఒరుసుకుపోయి మంటలు లేవడం కొత్త కాదు.

5.9 చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కనబెడుతూ ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అధిక లోడుకు 20,000 రూపాయలు, పైబడిన ప్రతి టన్నుకు మరో 2,000. ముందు తగిలించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గార్డు బండిని కాపాడుతుందని అనుకుంటారు. ఢీకొన్నప్పుడు నలగడం ద్వారా దెబ్బను మింగవలసిన ముందు భాగాన్ని అది నలగనివ్వదు, దెబ్బ లోపలి మనుషులకు చేరుతుంది. ఎదురుగా ఉన్న పాదచారి సంగతి చెప్పనక్కరలేదు.

తొట్టి రకం మార్చాలంటే ముందే రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి వస్తే సర్టిఫికెట్టులో నమోదు చేయించి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు సర్టిఫికెట్టునూ బండినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అప్పుడు బయటపడిన తేడాకు మూల్యం యజమాని కుటుంబమే చెల్లించవలసి రావచ్చు.

5.10 అభ్యాసం

1. ఒక పికప్ ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు. ఖాళీగా ముందు ఇరుసు మీద 600 కిలోలున్నాయి. 800 కిలోల సరుకు గరిమనాభి వెనుక ఇరుసుకు 0.5 మీటరు వెనుక ఉంటే ముందు ఇరుసు మీద ఎంత మిగులుతుంది? (జవాబు: 440 కిలోలు)

2. మీకు తెలిసిన ఒక పికప్ వెనుక చక్రం మధ్య నుంచి తొట్టి అంచు వరకు ఎత్తును ఖాళీగా ఒకసారి, వే బ్రిడ్జి మీద తూచిన లోడుతో ఒకసారి కొలవండి. కమానులోని పట్టీలు లెక్కపెట్టి, తయారీదారు పుస్తకంలోని సంఖ్యతో పోల్చండి. బ్రేకు వాల్వు కడ్డీ ఏ స్థితిలో ఉందో బొమ్మ గీసి, మీ పరిశీలనలను ఒక పుటకు మించకుండా రాయండి.